ప్రొపోలిస్ సీరమ్‌కి లైపోజోమ్ తప్పదా, గ్లైకాల్ సారం చాలదా?

బంకజిగురు:
70 శాతం ఆల్కహాల్‌లో తీసిన ప్రొపోలిస్ (తేనెటీగలు చెట్ల జిగురు నుంచి చేసే బంక) సారం నీటి సీరమ్‌లో పడగానే పాలలా తెల్లబడుతుంది. వారం తిరిగేసరికి సీసా మెడకు గోధుమరంగు బంక పడుతుంది. దీనికి లైపోజోమ్ (సారాన్ని కొవ్వు పొరలో కట్టే అతిచిన్న పొట్లం) ఒక్కటే దారా? ఆల్కహాల్‌కి బదులు ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రావకంలో తీసిన సారంతో సరిపెట్టుకోవచ్చా?

లెసిథిన్‌లెక్క:
లైపోజోమే. కానీ ముందు మైనం వదిలించాలి, సగం గొడవ దానిదే. ముడి బంకను ఫ్రీజర్‌లో గట్టిపరిచి పొడి చేయండి. 1:10 పాళ్లలో ఆల్కహాల్‌లో నానబెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, చల్లగా ఉండగానే వడకట్టండి. తర్వాత ఆల్కహాల్ ఎగరగొట్టి సారాన్ని ఎండబెట్టాలి.

100 మి.లీ.కి: 90 శాతం ఫాస్ఫాటిడైల్‌కోలిన్ (పొర కట్టే కొవ్వు) ఉన్న సోయా లెసిథిన్ 2 గ్రా., ఎండు సారం 0.2 గ్రా., విటమిన్ ఇ 0.02 గ్రా. ఇవన్నీ 10 మి.లీ. ఆల్కహాల్‌లో కరిగించి, జోరుగా తిరుగుతున్న 90 మి.లీ. నీటిలోకి సన్న సూదితో నిమిషానికి 1 మి.లీ. చొప్పున వదలండి. నీలిఛాయ తెలుపు వస్తే దారిలో పడ్డట్టే. చిక్కటి తెలుపైతే తొందరపడ్డారు. చివర్న 40 డిగ్రీల దగ్గర వాక్యూమ్‌లో ఆల్కహాల్ తీసేయాలి. సారం పాలు ఇంతకు మించి పెంచితే పొరలో పట్టక పలుకులు కడతాయి.

గాజుబీకరు:
పద్ధతి బాగుంది, పేచీ రుజువు దగ్గరే. 'డీపీపీహెచ్‌లో (యాంటీఆక్సిడెంట్ బలాన్ని రంగు తగ్గడంతో కొలిచే పరీక్ష) 90 శాతం' అని సీసా మీద వేస్తారు. ఆ పరీక్ష మామూలుగా మిథనాల్‌లో చేస్తారు, మిథనాల్ లైపోజోమ్‌ని చీల్చేస్తుంది. అంటే కొలిచింది పొట్లం కట్టని సారాన్నే!

'ఎంత లోపలికి వెళ్లింది' లెక్కా అంతే. బంకలోని ఫ్లేవనాయిడ్లు (మొక్కల నుంచి వచ్చే యాంటీఆక్సిడెంట్లు) నీటిలో సరిగా కరగవు. బయట మిగిలినవి పలుకులుగా మారి, సెంట్రిఫ్యూజ్‌లో లైపోజోమ్‌లతోపాటే అడుక్కి దిగుతాయి. పైనీళ్లు తేటగా ఉన్నాయని 95 శాతం రాసేసుకుంటారు. ముందు తక్కువ వేగంలో తిప్పి పలుకులు తీసేశాకే లెక్క కట్టాలి.

బంకజిగురు:
మరి పాలీసార్బేట్ (నూనెను నీటిలో కలిపే సబ్బులాంటి పదార్థం) ఉన్న సీరమ్‌లో కలిపితే?

గాజుబీకరు:
పాళ్లు ఎక్కువైతే లైపోజోమ్ పొర కరిగి మిసెల్‌గా (సబ్బు అణువుల చిన్న ఉండ) మారుతుంది. అంత కష్టం దేనికి, మొదటే గ్లైకాల్ సారం, కాస్త సాల్యుబిలైజర్ (పాలీసార్బేట్ లాంటి, నీటిలో కరిగించేది) వేసుకుంటే పోయె. పాలిఫినాల్స్ (ఫ్లేవనాయిడ్ల వంటి యాంటీఆక్సిడెంట్లు) కొంత తగ్గుతాయి, నిజమే.

ఆకుపసరు:
ఏ బంక అన్నది ఎవరూ అడగలేదేం? పోప్లార్ చెట్ల బంకలో కేప్ (కెఫిక్ ఆమ్లం నుంచి వచ్చే ఒక కెఫియేట్), క్రైసిన్, గలాంజిన్ అనే ఫ్లేవనాయిడ్లు ఉంటాయి. బ్రెజిల్ పచ్చ బంకలో ప్రధానం ఆర్టెపిలిన్ సి. మన దేశవాళీ తేనెటీగ ఏపిస్ సెరానా బంక దాదాపు సేకరించదు. ఇక్కడి పెట్టెల్లో దొరికేది ఎక్కువగా ఏపిస్ మెల్లిఫెరా (యూరప్ తేనెటీగ)ది. చుట్టూ ఉన్న చెట్లను బట్టి సరుకు మారుతుంది కాబట్టి ఒకరి పాళ్లు ఇంకొకరికి పనికిరావు.

ఇంకోటి. కేప్ వంటి కెఫియేట్లే యాంటీఆక్సిడెంట్లు, ఎలర్జీ తెప్పించేవీ అవే. పొట్లం కడితే ఎలర్జీ పోదు, చర్మంలోకి ఇంకా బాగా దిగితే పెరగనూవచ్చు. పెరూ బాల్సం (సుగంధాల్లో వాడే ఒక చెట్టు జిగురు) పడనివాళ్లకి ఇదీ పడకపోవచ్చు.

లెసిథిన్‌లెక్క:
ఎలర్జీ మాట ఒప్పుకుంటాను. సాల్యుబిలైజర్ మాత్రం ఒప్పుకోను: అది కరిగిస్తుంది తప్ప ఆక్సీకరణ నుంచి కాపాడదు. పీహెచ్ 6 దగ్గర ఉంచి, 0.1 శాతం డైసోడియం ఈడీటీఏ (ఇనుము వంటి లోహాలను పట్టి ఉంచేది) వేయండి. ఇనుము తగిలితే నల్లబడుతుంది.

గాజుబీకరు:
ఈడీటీఏ గ్లైకాల్ సారంలోనూ వేసుకోవచ్చు కదండీ! రెండూ పక్కపక్కన 40 డిగ్రీల్లో నాలుగు వారాలు పెట్టి, కేప్ ఎంత మిగిలిందో హెచ్‌పీఎల్‌సీలో (పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) చూపించండి. సారం వేయని ఖాళీ లైపోజోమ్‌నీ పక్కన పెట్టడం మరవకండి, అందులోని విటమిన్ ఇ కూడా డీపీపీహెచ్ రంగును తగ్గిస్తుంది.