ఎండాకాలం పాటల జాబితా: విన్న లెక్క చూసి చేయాలా, గుర్తున్నవి రాసుకోవాలా?

లెక్కలమ్మాయి (విజయవాడ)

ప్రతి వేసవికీ మా పిన్ని పిల్లలూ మేమూ అవనిగడ్డ దగ్గర అమ్మమ్మగారి ఊళ్లో కలుస్తాం. ఆ మూడు రోజులకీ పాటల జాబితా ఒకటి తయారవుతుంది. ఈసారి ఆ పని నేను తీసుకున్నా. స్పాటిఫైలో ప్రైవసీ పేజీకి వెళ్లి నా ఖాతా పూర్తి చరిత్ర అడిగి తెప్పించుకున్నా. రావడానికి 30 రోజుల దాకా పట్టొచ్చు. ఏ పాట, ఏ రోజు, ఎన్నింటికి, ఎన్ని మిల్లీసెకన్లు విన్నామో అన్నీ అందులో ఉంటాయి.

ఊరికే ఎక్కువసార్లు విన్నవి ఏరితే ఏడాది పొడుగునా వినేవే పైకొస్తాయి. అందుకని ఇలా చేశా. మార్చి నుంచి జూన్ దాకా నాలుగు నెలలు, అంటే ఏడాదిలో మూడో వంతు. ఒక పాట 60 సార్లు విని, అందులో 20 ఈ నెలల్లో పడితే దానికి కాలంతో పనిలేదు. 15 సార్లే విన్నా 13 ఈ నెలల్లోనే ఉంటే అది నా ఎండాకాలం పాట. కనీసం రెండు వేసవుల్లో కనబడాలని ఇంకో షరతు పెట్టా. 41 తేలాయి. ఈ పద్ధతిలో లోపం ఉంటే చెప్పండి.

పాత టేపు (గుంటూరు)

లోపం మొదట్లోనే ఉందమ్మా. విన్నదంతా ఇష్టం కాదు.

నేను 1990ల్లో బ్రాడీపేటలో ఒక రికార్డింగ్ షాపులో పనిచేశా. కాగితం మీద పాటలు రాసిస్తే క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చేవాళ్లం. 60 నిమిషాల క్యాసెట్ అంటే వైపుకి 30 నిమిషాలు, ఆరేడు పాటలకి మించి పట్టవు. జనం కౌంటర్ దగ్గర నిలబడి ఒకటి రాసి, కొట్టేసి, ఇంకోటి రాసి, మళ్లీ మొదటిదే రాసేవాళ్లు. ఎవరి ఇష్టమేంటో ఆ కొట్టివేతల్లో తెలిసేది. మీ ఫైల్లో కొట్టివేత ఎక్కడుంది?

ఇంకో సంగతి. మార్చి నుంచి జూన్ అని ఎవరు గీత గీశారు? శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందన్నారు మనవాళ్లు. రోళ్లు పగిలే రోహిణి కార్తె మే 25 దగ్గర మొదలవుతుంది. ఆవకాయ ముక్కలు కొట్టే రోజుల్లో పాడుకునేది వేరు, రోహిణిలో తడి తువ్వాలు కప్పుకుని వినేది వేరు. అన్నీ కలిపి ఒక మూట కడితే ఎలా?

బందరు రోడ్డు

లెక్కలమ్మాయి గారూ, ఆ ఫైల్లో సమయం యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే పెట్టుకున్న ప్రామాణిక సమయంలో ఉంటుంది. మనకి ఐదున్నర గంటలు కలపాలి. మార్చి 1 తెల్లవారుజామున నాలుగింటికి వింటే అది ఫిబ్రవరిలో పడిపోతుంది.

లెక్కలమ్మాయి

చాలా థాంక్స్, నేను కలపలేదు. ఇప్పుడు సరిచేశా. రెండు పాటలు మారాయి.

టేపు గారూ, కార్తెల ప్రకారం విడగొట్టమంటే అదీ చేయొచ్చు. ఒక్కో కార్తె 13, 14 రోజులు. తేదీ ఉంది కాబట్టి కుదురుతుంది. తేదీ లేని జ్ఞాపకంతో ఆ పని మీరు చేయగలరా? కొట్టివేత కూడా ఉంది. పాటని మధ్యలో దాటేస్తే దాటేసినట్టు పడుతుంది, ఎన్ని సెకన్లకి దాటేశామో కూడా తెలుస్తుంది.

మృగశిర

రోహిణి మే 25 కాదండీ. కొన్నేళ్లు 24నే వస్తుంది. పంచాంగం చూసి రాయండి.

పాత టేపు

25 "దగ్గర" అన్నాను. మళ్లీ చదవండి.

మృగశిర

చదివాను. కార్తెల మీద వాదన పెట్టినవాళ్లకి తేదీ కచ్చితంగా తెలియాలి.

చంటిపిల్ల తల్లి (గుంటూరు)

కార్తె సంగతి తర్వాత చూసుకోండి. నా బాధ వినండి. పోయినేడాది పాప పుట్టింది. నిద్రపోవాలంటే ఒకటే జోలపాట, రాత్రంతా తిప్పి తిప్పి పెట్టేదాన్ని. ఏడాది చివర యాప్ నాకు చూపించిన మొదటి ఐదు పాటల్లో నాలుగు పాపవి. ఐదేళ్లుగా నేను కూర్చుకున్నదంతా అడుగున పడిపోయింది. చూడగానే ఏడుపొచ్చింది. నేనే ఆ ఖాతాలోంచి వెళ్లిపోయినట్టు అనిపించింది. అందుకే లెక్కంటే నాకు నమ్మకం పోయింది.

పాత టేపు

ఇదే నేను చెప్పేది. పైగా ఒక పాట అవగానే యాప్ ఇంకోటి తనే తెచ్చి పెడుతుంది. మీరు వంటింట్లో ఉంటారు, అది మోగుతూ ఉంటుంది. 30 సెకన్లు దాటితే విన్నట్టే లెక్క. యాప్ పెట్టినదాన్ని తిరిగి మీ ఇష్టమని మీకే చూపిస్తే నమ్మేస్తారా?

లెక్కలమ్మాయి

తల్లిగారూ, మీ బాధ అర్థమైంది. దానికి దారుంది. రాత్రి పది నుంచి ఆరు దాకా తీసేసి మళ్లీ లెక్కపెట్టండి, లేదా ఆ నాలుగు పాటలూ చేత్తో తీసేయండి. మీ పాటలు అక్కడే ఉన్నాయి, పోలేదు.

టేపు గారూ, ఆ ఫైల్లో ప్రతి పాటకీ అది ఎలా మొదలైందో రాసి ఉంటుంది. వేలితో నొక్కి పెట్టామా, ముందు పాట అయిపోయాక దానంతటదే వచ్చిందా తెలుస్తుంది. నేను నొక్కి పెట్టినవే తీసుకున్నా. 30 సెకన్ల లెక్క కూడా వాడలేదు. విన్న పాటలు లెక్కపెట్టే లాస్ట్ ఎఫ్ఎం అనే సైట్ పద్ధతి నచ్చింది, అందులో సగం పాటైనా వినాలి, లేదా నాలుగు నిమిషాలు వినాలి. నేను సగం పెట్టుకున్నా.

బందరు రోడ్డు

సగం ఎక్కువండీ. సాకీ కోసం, అంటే పల్లవికి ముందు వచ్చే ఆలాపన లాంటి ముక్క కోసం, మొదటి నిమిషమే వినే పాటలుంటాయి.

పాత టేపు

అమ్మా, మీరు ఎన్ని జల్లెళ్లు పట్టినా అది జల్లెడే. ఏ పాట ఇష్టమో కంప్యూటర్‌ని అడిగి తెలుసుకునే మనిషి పాటని మనసుతో విన్నట్టు కాదు. కళ్లు మూసుకుని కూర్చోండి. వచ్చిన పాటే మీది. రాని పాట మీది కాదు.

లెక్కలమ్మాయి

నేను మనసుతో వినలేదని మీరెలా అంటారు? నేనెవరో మీకు తెలుసా?

చెప్తాను వినండి. నాలుగేళ్లు మేం కళ్లు మూసుకునే చేశాం ఆ జాబితా. అరుగు మీద పన్నెండు మందిమి కూర్చుంటాం. మా పెద్ద బావ ఒక పాట పేరు చెబుతాడు, అందరూ అవునంటారు. ఇంకోటి చెబుతాడు, అవునంటారు. నేను ఒకటి చెబితే "అదెప్పుడు విన్నాం?" అంటాడు. అందరూ నవ్వుతారు. నాకే అనుమానం వచ్చేసేది, నిజంగా విన్నానా అని. నాలుగేళ్లూ నా పాట ఒక్కటి ఎక్కలేదు. మా అందరి జ్ఞాపకం అంటే మా బావ జ్ఞాపకమే. గట్టిగా మాట్లాడేవాడిదే గుర్తుంటుంది.

ఫైల్ వచ్చాక చూశా. నేను చెప్పిన పాట రెండు వేసవుల్లో 19 సార్లు విన్నా. అమ్మమ్మ ఊళ్లో, మధ్యాహ్నాలు, అందరూ నిద్రపోయాక. ఇప్పుడు "అదెప్పుడు విన్నాం" అంటే తేదీ చెప్పగలను. నాకు లెక్క కావాల్సింది అందుకు.

చంటిపిల్ల తల్లి

మీరు ఆ పాట మొదట పెట్టండి.

పాత టేపు

మనసుతో వినలేదన్న మాట తప్పే. వెనక్కి తీసుకుంటున్నా.

నా భయం కూడా చెప్తాను. మా అమ్మకి 78. విజయవాడ రేడియో 1948 డిసెంబరులో మొదలైంది. ఆవిడ పెరిగింది దాంతోనే, ఇప్పటికీ పొద్దున్నే భక్తిరంజని పెట్టాల్సిందే. ఫోన్ ముట్టుకోదు. రేడియో ఎవరు విన్నారో రాసుకోదు. గుడి మైకు రాసుకోదు. నిరుడు మా ఇంట్లో పెళ్లికి మా అబ్బాయి మీలాగే ఫైల్ చూసి పాటలు చేశాడు. మూడు గంటలు మోగాయి. మా అమ్మ పాట ఒక్కటి లేదు. అడిగితే "డేటాలో నానమ్మ లేదు కదా నాన్నా" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు, ఉన్నమాటే చెప్పాడు. ఆవిడ మాత్రం ఆ రోజంతా హాల్లో చివర కుర్చీలో కూర్చుంది.

మీ బావ ముందు మీరు లెక్కలోకి రాలేదు. ఫైల్ ముందు మా అమ్మ రాలేదు.

మృగశిర

మా నాన్నకీ రేడియోనే.

లెక్కలమ్మాయి

ఇది మీరు ముందే చెప్పి ఉంటే కార్తెల గొడవ లేకపోయేది. నిజమే, మా అమ్మమ్మ కూడా నా ఫైల్లో లేదు. ఆ ఇల్లే ఆవిడది. కానీ ఆవిడని పాట పేరు అడిగితే "నాకేం తెలుసే, మీ ఇష్టం" అంటుంది. ఎన్నిసార్లు అడిగినా అంతే.

పాత టేపు

పేరు అడగొద్దు. షాపుకి పెద్దవాళ్లు వస్తే మేం పేరు అడిగేవాళ్లం కాదు. ఏ పని చేస్తూ వినేవారో అడగండి. వడియాలు పెడుతూనా, వడ్లు దంపుతూనా, బిందె మోసుకొస్తూనా అని. పని గుర్తొస్తే పాట నోటికొస్తుంది. మొదటి లైను పాడగానే రాసేసుకోండి, మళ్లీ అడిగితే సిగ్గుపడతారు.

ఒక్క మాట మాత్రం మార్చుకోను. 41 ఎక్కువ. రెండు వైపులకీ 14 చాలు.

లెక్కలమ్మాయి

వడియాలప్పుడు అడుగుతా. ఆవిడ ఎన్ని చెబితే అన్నీ ముందు పెడతా. నా 41లో మాత్రం ఒక్కటి కూడా తీయను.