బయటి కూలీలు రావడం వల్లే హైదరాబాద్‌లో మన కూలి పెరగడం లేదా?

జగిత్యాల సుతారి:
ఈ ప్రశ్నను లెక్క చూసుకున్న తరువాతే అడుగుతున్నాను. దుబాయిలో చాలా ఏళ్లు సుతారి (తాపీ) పని చేశాను. 2020లో కరోనా వచ్చి కంపెనీ పని ఆపేస్తే ఇంటికి తిరిగివచ్చి, అప్పటి నుంచి రోజు కూలీలు పని కోసం నిలబడే కూకట్‌పల్లి అడ్డా మీద నిలబడుతున్నాను. ఆనాడు నాకు రోజుకు తొమ్మిది వందలు ఇచ్చేవారు. ఇప్పుడు వెయ్యి, బేరం కుదిరితే పదకొండు వందలు. మూసాపేటలో మేముంటున్న రెండు గదుల అద్దె మాత్రం ఇదే కాలంలో ఐదు వేల నుంచి తొమ్మిది వేలకు చేరింది. కోకాపేట, నార్సింగి, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వైపు లేస్తున్న ఎత్తైన కట్టడాలలో ఎక్కడ చూసినా బీహార్, జార్ఖండ్, ఒడిశా, బెంగాల్ మనుషులే కనిపిస్తున్నారు. అడ్డా మీద ఉన్నవారిని ఆ సైట్ల మేస్త్రీలు పిలవడమే మానేశారు. మాకు మిగిలింది పాత ఇళ్ల మరమ్మతులు, ప్రహరీ గోడలు. పెద్ద సైట్లలో సగం పని స్థానికులకే ఇవ్వాలని ప్రభుత్వం నియమం పెట్టనంత కాలం మా కూలి పెరగదని నా అభిప్రాయం. కాదనేవారు కారణం చెప్పాలి.

నార్సింగి గుత్తేదారు:
కాదనేవారిలో నేను ఒకడిని. ఒక పెద్ద కంపెనీ దగ్గర సెంట్రింగ్, ప్లాస్టరింగ్ పనులను చదరపు అడుగు లెక్కన గుత్తకు తీసుకుంటాను. స్లాబ్ పోయడం మొదలుపెట్టిన తరువాత రాత్రయినా, వాన పడినా మధ్యలో వదిలేయడానికి వీలులేదు. ఆ పనికి సైట్‌లోనే ఉండే మనుషులు కావాలి. 2020 మే 1న, లాక్‌డౌన్‌లో చిక్కుకున్న వలస కూలీలను సొంత ఊళ్లకు చేర్చే దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది. కందిలోని ఐఐటీ సైట్‌లో పనిచేసినవారే అందులో చాలామంది. ఆ తరువాత కొన్ని నెలలు సైట్లన్నీ బోసిపోయాయి. మీరు చెబుతున్న కూకట్‌పల్లి అడ్డాకే నేను స్వయంగా వచ్చి, అప్పటి రేటు మీద రెండు వందలు ఎక్కువ ఇస్తానని అడిగాను. వచ్చినవారు రెండు రోజులు చేసి మూడో రోజు కనిపించలేదు. బియ్యం మిల్లుల్లో హమాలీలు చాలక, అదే మే నెలలో బీహార్‌లోని ఖగడియా నుంచి ప్రత్యేక రైలులో మనుషులను రప్పించుకోవలసి వచ్చింది. స్థానికులు సిద్ధంగా ఉంటే ఆ అవసరమే పడేది కాదు.

పాలమూరు బిడ్డ:
మా తాతల కాలంలో గుంపు మేస్త్రి ఊరికి వచ్చి, అడ్వాన్సు చేతిలో పెట్టి, ఇంటిల్లిపాదినీ లారీ ఎక్కించి దూరపు ప్రాజెక్టులకు తీసుకుపోయేవాడు. ఆ అప్పు తీరేదాకా రేటు అడిగే హక్కు వాళ్లకు లేదు. పాలమూరు లేబర్ వెళ్లిన ప్రతిచోటా అక్కడి కూలీలు, వీళ్లు వచ్చి మా రేటు పడగొట్టారనే అన్నారు. ఈ రోజు ఆ మాట మనమే అంటున్నాము. ఒడిశా నుంచి వచ్చే మనిషి మెడ మీద కూడా అదే అడ్వాన్సు ఉంది. ముందు దాని సంగతి మాట్లాడండి.

ఉప్పల్ అద్దెదారు:
అద్దె పెంచింది కూలి పనికి వచ్చినవారు కాదు కదా, ఆ రెండింటినీ ఎందుకు కలుపుతున్నారో నాకు అర్థం కావడం లేదు.

జగిత్యాల సుతారి:
గుత్తేదారు గారూ, ఆ రెండు రోజుల మాట దగ్గరే ఆగుదాం. 2020 మే, జూన్ నెలల్లో నగరంలో సిటీ బస్సులు అసలు తిరగలేదు. మూసాపేటలో ఉండే మనిషి పొద్దున ఏడింటికి నార్సింగి సైట్‌లో ఉండాలంటే ఎలా రావాలి? రాత్రి స్లాబ్ అయ్యాక ఎలా తిరిగి వెళ్లాలి? మీరు ఎక్కువ ఇచ్చానంటున్న రెండు వందలు ఆటోకే సరిపోయేవి. ఇంటికి చేరలేక మానేసిన మనిషిని సోమరి అన్నట్టు మాట్లాడడం న్యాయం కాదు.

నార్సింగి గుత్తేదారు:
సోమరి అన్న మాట నేను వాడలేదు, రాలేదని మాత్రమే అన్నాను. బస్సులు మొదలైన తరువాత కూడా రాలేదు. దసరా, బతుకమ్మ, పెళ్లిళ్లు, చావులు అన్నీ ఇక్కడే ఉన్నవారు పనికి నాగా పెడతారు. అది వారి తప్పని కూడా అనను. అయితే నా స్లాబ్ ఎవరు పోస్తారు?

మోర్తాడ్ గల్ఫ్:
జగిత్యాల అన్నా, మనది ఒకే బాట. బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అని మన జిల్లాల గురించి ఊరికే అనలేదు. నేను సౌదీలో ఎలక్ట్రీషియన్‌గా ఉండేవాడిని. ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండాలని 2011లో నితాఖత్ తెచ్చారు. 2013లో తనిఖీలు మొదలుకాగానే, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) ఒకచోట, పని మరొకచోట ఉన్న నాలాంటివారంతా ఒక్కసారిగా ఖల్లివల్లి (చట్టం లెక్కలో లేనివారం) అయిపోయాము. అప్పటికి నా వీసా అప్పు కూడా తీరలేదు. సగం పని స్థానికులకే అని నువ్వు అడుగుతున్నది అదే నియమం. అక్కడ మన మెడకు చుట్టుకున్నదాన్ని ఇక్కడ ఇంకొకరి మెడకు చుట్టమని నువ్వే అడగడం నాకు బాధ కలిగించింది.

జగిత్యాల సుతారి:
తమ్మీ, సౌదీ పరాయి దేశం. అక్కడ మనకు హక్కు లేదని తెలిసే వెళ్లాము, తెలిసే పడ్డాము. ఇక్కడ ఆధార్ కార్డు, ఓటు ఉండి కూడా పరాయివాడిలా నిలబడవలసి వస్తే ఎవరికి చెప్పుకోవాలి? ముల్కీ నియమాలు ఎందుకు వచ్చాయి, 1985లో 610 జీవో ఎందుకు వచ్చింది? స్థానికుడికి మొదటి హక్కు అన్నది ఈ నేల మీద కొత్తగా పుట్టిన మాట కాదు. తెలంగాణ తెచ్చుకున్నది అడ్డా మీద నిలబడడానికా?

నల్లకోటు:
చర్చ దారి తప్పకుండా ఒక మాట. ముల్కీ నిబంధనలు, 610 జీవో ప్రభుత్వ ఉద్యోగాలకు సంబంధించినవి. ప్రైవేటు పనుల్లో స్థానికులకు 75 శాతం ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ 2019లో చట్టం చేసింది. అటువంటిదే హర్యానా చేస్తే, దాన్ని 2023 నవంబరులో పంజాబ్, హర్యానా హైకోర్టు కొట్టివేసింది. దేశంలో ఎక్కడైనా పని చేసుకునే హక్కు రాజ్యాంగం ఇచ్చినది కాబట్టి ఆ దారిలో మీకు దొరికేది తక్కువ. దానికంటే పాత చట్టం ఒకటి ఉంది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, బయటినుంచి తెచ్చిన కూలీకి అదే పని చేసే స్థానికుడితో సమానంగా కూలి ఇవ్వాలని, ఊరు విడిచి వచ్చినందుకు స్థానచలన భత్యం, రానుపోను ఖర్చులు కూడా ఇవ్వాలని చెప్పింది. అది సక్రమంగా అమలై ఉంటే బయటివారిని తేవడమే ఎక్కువ ఖర్చయ్యేది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో కొత్త కార్మిక కోడ్ వచ్చింది. ప్రయాణ భత్యం అందులో మిగిలింది, స్థానచలన భత్యం పోయింది. అంతకుముందు ఐదుగురు వలస కూలీలను పెట్టుకున్న గుత్తేదారుకు చట్టం వర్తించేది. ఇప్పుడు ఆ హద్దు పదిమంది.

నార్సింగి గుత్తేదారు:
నల్లకోటు గారు నేను తక్కువ ఇస్తున్నానని తీర్పు చెప్పినట్టున్నారు. నా దగ్గర పనిచేసే ఒడిశా మేస్త్రికి నెలకు చేరే డబ్బు, అడ్డా మేస్త్రికి నెలంతా పని దొరికితే వచ్చే డబ్బుకు తక్కువేమీ కాదు. ఉండడానికి షెడ్డు, కరెంటు, నీళ్లు ఉచితంగా ఇస్తున్నాను. కావాలంటే పుస్తకం చూపిస్తాను.

జగిత్యాల సుతారి:
పుస్తకంలో గంటలు కూడా చూపించండి. మీ ఒడిశా మేస్త్రి పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు దాకా, ఆదివారం కూడా చేసి తెచ్చుకునేదాన్ని మేము ఎనిమిది గంటల పనితో తెచ్చుకునేదానితో సమానం అంటున్నారు. అది సమానమని మీరు నిజంగా నమ్ముతున్నారా, లేక అడిగేవాడు లేడని అంటున్నారా?

నార్సింగి గుత్తేదారు:
నన్ను దొంగను చేయకండి. మా నాన్న కూడా ఇసుక మోసినవాడే. రాత్రి పదకొండింటికి సైట్‌లో వాళ్ల పక్కన నిలబడి అన్నం తింటున్నది నేను. ఎక్కువ గంటలు కావాలని వాళ్లే అడుగుతారు. ఊరు విడిచి వచ్చిన మనిషి ఖాళీగా కూర్చోవడానికి రాలేదు. నాలుగు నెలలు చేసి, డబ్బు మూట కట్టుకుని ఇంటికి పోవాలనుకుంటాడు. మీరు దుబాయిలో ఓవర్‌టైమ్ అడగలేదా?

జగిత్యాల సుతారి:
అడిగాను. ఎందుకు అడిగానో మీకు తెలియదు కాబట్టి చెబుతాను. అక్కడ ఒక గదిలో పన్నెండు మందిమి మంచాల మీద మంచాలు వేసుకుని పడుకునేవాళ్లం. పిల్లలు, భార్య, అమ్మ, బడి, మందులు అన్నీ జగిత్యాల దగ్గర ఊళ్లో. అక్కడి ధరలకు సరిపోయే జీతమైతే చాలు, దుబాయి ధరలతో మాకు పని లేదు. అందుకే ఆ జీతానికి ఒప్పుకోగలిగాము. ఈ రోజు ఇక్కడ నా పిల్లలు నా దగ్గరే ఉన్నారు. కూతురు పదో తరగతి చదువుతున్నది. నేను రేకుల షెడ్డులో పడుకోగలను, ఇంతకన్నా ఘోరమైన చోట్ల పడుకున్నాను. కాని ఇద్దరు ఆడపిల్లలను, నా భార్యను మీ సైట్ షెడ్డులో పెట్టి, బహిర్భూమికి చీకటి పడేదాకా ఆగమని చెప్పలేను. నాకు ఒడిశా మనిషి మీద కోపం లేదు. మీరు కూలిని షెడ్డును బట్టి నిర్ణయిస్తున్నారు. ఈ నగరంలో కుటుంబంతో బతికే మనిషికి ఎంత కావాలో ఆ లెక్కలోకి రావడం లేదు. నా గొడవంతా దాని మీదే.

ఉప్పల్ అద్దెదారు:
అద్దెను ఎందుకు కలిపారో ఇప్పుడు అర్థమైంది.

మోర్తాడ్ గల్ఫ్:
అన్నా, ఈ మాట మొదటి రోజే రాసి ఉంటే నేను నితాఖత్ ఎత్తేవాడినే కాదు. నువ్వు చెప్పినదానికి మన ప్రభుత్వమే సాక్ష్యం ఇచ్చింది. 2020 సెప్టెంబరులో కేంద్ర విదేశాంగ శాఖ గల్ఫ్ దేశాలకు వెళ్లే మనవాళ్ల కనీస సిఫారసు వేతనాలను 30 నుంచి 50 శాతం వరకు తగ్గించింది. యూఏఈ, ఒమన్, బహ్రెయిన్‌లకు నెలకు 200 డాలర్లు చాలన్నారు. పొరుగు దేశాలవాళ్లు ఇంకా తక్కువకు వస్తున్నారు, మన ఉద్యోగాలు పోకుండా ఉండాలంటే మనమూ తగ్గాలన్నది వారి వాదన. ఊళ్లో ఉన్న కుటుంబం ఎలాగో బతుకుతుందన్న ధైర్యంతోనే అలా తగ్గించగలిగారు. మన గల్ఫ్ సంఘాలు తెలంగాణ హైకోర్టుకు వెళ్లాయి, 2021 జూలైలో కేంద్రం ఆ తగ్గింపును వెనక్కి తీసుకున్నది. నేపాలీని, బంగ్లాదేశీని ఆపమని ఆ రోజు ఎవరూ అడగలేదు. వేతనం కింది హద్దు తగ్గించవద్దని అడిగారు, గెలిచారు. ఇక్కడ కూడా అడగవలసినది అదే.

పాలమూరు బిడ్డ:
అడ్వాన్సు రద్దు కాకుండా కింది హద్దు ఒక్కటే పెడితే, కాగితం మీద ఆ హద్దు చూపించి గుంపు మేస్త్రి మిగిలింది కోసుకుంటాడు. మా ఇంట్లో జరిగింది కాబట్టి చెబుతున్నాను.

నార్సింగి గుత్తేదారు:
మీరంతా నా వైపే వేలు చూపుతున్నారు. ఆ వేలు కొంచెం పైకి ఎత్తండి. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. ఆ ధర పెట్టి నేల కొన్నవారు వడ్డీ తగ్గించుకోలేరు, సిమెంటు, స్టీలు ధరలు తగ్గించలేరు. చివరికి తగ్గించగలిగేది నాకిచ్చే చదరపు అడుగు రేటు ఒక్కటే. మూడేళ్లుగా ఆ రేటు పెంచమని అడుగుతున్నాను. అడిగిన ప్రతిసారీ నా వెనుక వరుసలో నిలబడ్డ ఇంకో గుత్తేదారును చూపిస్తున్నారు. అడ్డా మీద మీకు జరిగేదే కంపెనీ ఆఫీసులో నాకూ జరుగుతున్నది. కుటుంబంతో బతకగలిగే కూలి ఇవ్వాలంటే ఆ రేటు నాకు ముందు రావాలి.

నల్లకోటు:
గుత్తేదారు కూలి ఎగ్గొడితే అసలు యజమానే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టంలోనే ఉండేది, కొత్త కోడ్‌లోనూ ఆ బాధ్యత ఉంది. కాని ఇక్కడ ఎగ్గొట్టడం లేదు, ముందే తక్కువకు కుదుర్చుకుంటున్నారు. ఆ ఒప్పందం మీద చట్టానికి ఉన్న పట్టు చాలా తక్కువ.

జగిత్యాల సుతారి:
సగం పని స్థానికులకు అన్న మాటను పక్కన పెడతాను, వదిలేశానని మాత్రం అనుకోకండి. గుత్తేదారు గారూ, ఒక్కటి అడుగుతున్నాను. సైట్ గేటు దగ్గర బోర్డు మీద సుతారికి ఎనిమిది గంటలకు ఇంత, హెల్పర్‌కు ఇంత, ఆ పైన గంటకు ఇంత అని తెలుగులో, హిందీలో, ఒడియాలో రాసి పెట్టండి. షెడ్డులో ఉన్నా, మూసాపేట నుంచి వచ్చినా అదే రేటు ఇవ్వండి. అప్పుడు మా అడ్డా నుంచి ఎవరూ రాకపోతే, మీరు మొదట చెప్పినదే నిజమని ఒప్పుకుంటాను.

నార్సింగి గుత్తేదారు:
రాస్తాను. అదే బోర్డు మీద, నాకు చదరపు అడుగుకు ఎంత ఇస్తున్నారో కంపెనీ కూడా రాయాలి. అది రాయనంత కాలం నా ఒక్కడి రేటు గేటుకు వేలాడదీస్తే, మరుసటి నెల ఆ పని వేరే గుత్తేదారు చేతికి పోతుంది, నా దగ్గరున్న మనుషులతో సహా.