సొంతూరి పాట వీడియో చూస్తే గొంతు పట్టేస్తోంది. అది రంగు వల్లేనా, ఇంకేమైనా ఉందా?

ప్రశ్న: కొత్త ఎడిటర్

అందరికీ నమస్కారం. రెండు వారాలుగా ఒకే మ్యూజిక్ వీడియో తిప్పితిప్పి చూస్తున్నాను. పాట పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే మాటలన్నీ గాయకుడి మీదికి పోతాయి. నాకు తెలియాల్సింది ఆ వీడియో కథను ఎలా చెబుతోందన్నది.

కథ చాలా చిన్నది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఒకతను తెల్లవారుజామున సొంతూరికి వస్తాడు. భుజాన సంచి. తన వీధిలో నడుచుకుంటూ వెళ్తాడు, తాళం తీసి ఖాళీగా ఉన్న ఇంట్లోకి అడుగుపెడతాడు, కాసేపు గదులన్నీ తిరుగుతాడు, మళ్ళీ గేటు వేసి వెళ్ళిపోతాడు. మధ్యమధ్య ఒక పదేళ్ళ పిల్లాడు కనిపిస్తాడు, అది అతనే. మొత్తం 4 నిమిషాల 10 సెకన్లు. ఎవరూ చనిపోరు, ఎవరూ ఏడవరు, అతను ఎవరితోనూ మాట్లాడడు. అయినా రెండో చరణం మధ్యకు వచ్చేసరికి నాకు గొంతు పట్టేస్తుంది. పదోసారి చూసినా అంతే.

నా స్నేహితుడు "అందులో ఏముంది? పసుపు రంగు, స్లో మోషన్, గిటారు. ఆ మూడూ కలిపితే ఎవరికైనా బెంగ పుడుతుంది" అన్నాడు. నిజమేనేమో చూద్దామని మా తమ్ముణ్ణి పెట్టి నేనూ ఒకటి తీశాను. మేం పెరిగిన ఇల్లు, గుమ్మం, మెట్లు, వాడు నడిచి లోపలికి రావడం. పసుపు వేశాను, గ్రెయిన్ (పాత ఫిల్ము మీద కనిపించే సన్నటి గింజలు) వేశాను, స్పీడు సగానికి తగ్గించాను. చూడ్డానికి బాగానే ఉంది. కానీ చూసినవాళ్ళెవరికీ ఏమీ అనిపించలేదు. అదే ఇంట్లో పాతికేళ్ళు ఉన్న మా అమ్మకు కూడా.

ఇలాంటి వీడియోను ఎలా చదవాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1: రంగులు దిద్దేవాడు

మీ స్నేహితుడు చెప్పినదాంట్లో సగం నిజముందండి. కాకపోతే గ్రెయిన్ ఎందుకు జ్ఞాపకంలా అనిపిస్తుందో ఎవరూ ఆలోచించరు. ఆ గింజలు, ఆ వణుకు సూపర్ 8 నుంచి, అంటే ఇళ్ళలో సినిమాలు తీసుకోవడానికి వాడిన చిన్న ఫిల్మ్ నుంచి వచ్చాయి. కోడాక్ దాన్ని 1965లో తెచ్చింది. ఒక కార్ట్రిడ్జిలో 50 అడుగుల ఫిల్మే పట్టేది. సెకనుకు 18 ఫ్రేముల (బొమ్మల) లెక్కన 3 నిమిషాల 20 సెకన్లలో అయిపోయేది. అందుకని ఇళ్ళలో తీసుకున్నవాళ్ళు పొదుపుగా కొద్ది సెకన్లు తీసి ఆపేసేవాళ్ళు. పిల్లాడు పరుగెత్తుకొస్తాడు, దగ్గరికి చేరేలోపే ముక్క అయిపోతుంది. పైగా శబ్దం లేదు. శబ్దం కూడా రికార్డయ్యే సూపర్ 8 వచ్చింది 1973లో.

మీరు గింజలు తెచ్చుకున్నారు, ఆ పొదుపు తెచ్చుకోలేదేమో. మీ వీడియోలో పాత రోజుల షాట్లు ఒక్కొక్కటి ఎంత పొడుగున్నాయో కొలవండి.

ఇంకొకటి. మీ తమ్ముడి చిన్నతనం వీహెచ్ఎస్ వీడియో క్యాసెట్ టేపుల కాలంలో గడిచి ఉంటే దానిమీద సూపర్ 8 గింజలు చల్లకండి. అది ఇంకొకరింటి ఆల్బమ్ అవుతుంది. టేపుకు గింజలుండవు. ఎర్ర చొక్కా రంగు చొక్కా అంచు దాటి పక్కకు కారుతుంది, ఫ్రేము అడుగున సన్నటి పట్టీ ఒకటి వణుకుతుంది. చూసేవాళ్ళకు ఈ పేర్లేవీ తెలియకపోవచ్చు, తేడా మాత్రం కంటికి తెలిసిపోతుంది.

జవాబు 2: పాటల ఎడిటర్

మీరు చెప్పిన ఆనవాళ్ళను బట్టి వీడియో ఏదో పోల్చుకున్నాను. రాత్రి కూర్చుని నాలుగుసార్లు చూశాను, అందులో రెండుసార్లు సౌండు పూర్తిగా కట్టేసి. మీరూ అక్కడే మొదలుపెట్టండి. పాట నోరు మూస్తేగానీ బొమ్మ ఏం మాట్లాడుతోందో వినపడదు. తర్వాత ఒక కాగితం తీసుకుని ప్రతి షాటుకీ ఒక్క వాక్యం రాయండి. ఇందులో మొత్తం 104 షాట్లున్నాయి. అంటే సగటున షాటుకు 2.4 సెకన్లు. ఈ లెక్క గుర్తుపెట్టుకోండి, దీని పని తర్వాత ఉంది.

ముందు స్లో మోషన్ సంగతి. అతను వీధిలో నడుస్తూ పాడే షాట్లు ఆపి చూడండి. గాలికి సంచి పట్టీ మెల్లగా ఊగుతోంది, చెట్టు నుంచి ఆకు మెల్లగా రాలుతోంది, అతని అడుగూ మెల్లగానే పడుతోంది. పెదవులు మాత్రం పాటతో సరిగ్గా కలుస్తున్నాయి. ఎలా? సెకనుకు 48 ఫ్రేములు తీస్తూ, అక్కడ పాటను రెట్టింపు వేగంతో వినిపించి పాడించి ఉంటారు. దాన్ని సెకనుకు 24 ఫ్రేములకు దించి చూపిస్తే పెదవులు మామూలు పాటకు సరిపోతాయి, చుట్టూ ఉన్నదంతా సగం వేగానికి పడిపోతుంది. పాతకాలం నాటి కిటుకే. కానీ ఇక్కడ దానికి అర్థం ఉంది. అతని నోరు ఇవాళ్టి కాలంలో ఉంది, వీధి జ్ఞాపకం వేగంతో కదులుతోంది. ఇద్దరి గడియారాలూ కలవవు. మీరు మామూలుగా తీసి తర్వాత ఎడిటింగులో స్పీడు తగ్గించినట్టున్నారు. అప్పుడు మనిషీ వీధీ కలిసే మెల్లబడతారు, అతనికీ ఊరికీ మధ్య ఎడం కనిపించదు.

రెండోది కెమెరా ఎత్తు. పిల్లాడి షాట్లన్నింటిలో కెమెరా వాడి కళ్ళంత ఎత్తులో ఉంది. పెద్దవాళ్ళు నడుము వరకే కనిపిస్తారు. కిటికీ అంచు ఆకాశంలో ఉన్నట్టుంటుంది. అతను పెద్దయి వచ్చినప్పుడు అదే కిటికీని అతని కళ్ళ ఎత్తునుంచి చూపిస్తారు, అది ఇంతేనా అనిపిస్తుంది. ఆఖరి పల్లవికి వచ్చేసరికి కెమెరా మళ్ళీ కిందికి దిగుతుంది. పిల్లాడి ఎత్తే. కానీ ఆ గదిలో పిల్లాడూ లేడు, అతనూ లేడు. చూస్తున్నది ఎవరు మరి? నాకు ఒళ్ళు జలదరించింది అక్కడే.

పల్లవి గురించి కూడా చెప్పాలి. మూడుసార్లు వస్తుంది, ఒక్క మాట కూడా మారదు. వందేళ్ళ క్రితం లెవ్ కులెషోవ్ అనే రష్యన్ దర్శకుడు ఒక ప్రయోగం చేశాడు. నటుడి ముఖం ఒకటే, పక్కన పెట్టే షాటు మారుతుంది. దాన్నిబట్టి చూసేవాళ్ళు ఆ ముఖంలో ఆకలినో దుఃఖాన్నో చూశారు. పాట వీడియోలో పల్లవి ఆ ముఖం లాంటిది. మొదటిసారి వీధిలో నడుస్తూ పాడితే 'వచ్చేశాను' అన్నట్టు వినపడుతుంది. చివర ఖాళీ గది మీద అవే మాటలు వచ్చినప్పుడు అలా వినపడదు. కవి ఏమీ మార్చలేదు. ఎడిటర్ పక్కన పెట్టిన బొమ్మ మారింది.

ఇప్పుడు మీ గొంతు పట్టేసిన చోటుకు వస్తాను. 2 నిమిషాల 41వ సెకను. అతను చీకటి గదిలోకి వస్తాడు. గోడవైపు చూడడు. ఎడమ చెయ్యి దానంతట అదే పక్కకు వెళ్ళి స్విచ్చు కోసం గోడను తాకుతుంది. అక్కడ స్విచ్చు లేదు. ఎప్పుడో తీసేసి సిమెంటుతో పూడ్చి రంగు వేసేశారు. అరచెయ్యి ఆ పూడ్చిన చోటే ఆగిపోతుంది. కొత్త స్విచ్చు జానెడు పైన ఉంది, మనకు కనిపిస్తూనే ఉంది. ఆ షాటు 7 సెకన్లు. సగటుకు దాదాపు మూడు రెట్లు. అక్కడ పాట కూడా రెండు సెకన్లు పూర్తిగా ఆగిపోతుంది, గోడ మీద అరచెయ్యి రాసుకున్న చప్పుడొక్కటే ఉంటుంది. అతను మరిచిపోలేదు, ఇల్లే అతన్ని మరిచిపోయింది. ఒక్క మాట లేకుండా ఆ సంగతి మనకు అందింది. పసుపు రంగు దీనికి ఏ సాయమూ చేయలేదు. నిజానికి ఆ షాటు నీలంగా ఉంటుంది, చూడండి.

జవాబు 3: అక్కడే ఉన్నదాన్ని

ఎడిటర్ గారు చాలా బాగా రాశారు. ఒక షాటు వదిలేశారు. అది నా షాటు అనిపిస్తుంది, అందుకని చెబుతున్నాను.

రెండో పల్లవిలో ఎదురింటి మేడ మీద ఒక పెద్దావిడ బట్టలు ఆరేస్తుంటుంది. తలెత్తి అతన్ని ఒకసారి చూస్తుంది, మళ్ళీ పనిలో పడుతుంది. ఒక్క సెకను ఉంటుందేమో. ఆ షాటు స్లో మోషన్‌లో లేదు! తడి చీర టపటపా మామూలు వేగంతోనే కొట్టుకుంటోంది. వీధంతా అతనికోసం మెల్లగా నడుస్తుంటే ఆవిడ ఒక్కతే నడవడం లేదు. ఆ వీధి ఆవిడకు జ్ఞాపకం కాదు, ఇవాళ ఎండ పోయేలోపు అవ్వాల్సిన పని.

నేను ఊరు వదిలి వెళ్ళలేదు. వెళ్ళినవాళ్ళు వచ్చి "ఏమీ మారలేదు" అంటారు, లేకపోతే "అంతా మారిపోయింది" అంటారు. ఆ స్విచ్చు మార్చినవాళ్ళు ఎవరో, ఎందుకు మార్చారో ఏ పాటలోనూ ఉండదు. వైరు కాలిపోయి ఉండొచ్చు, చెమ్మ దిగి ఉండొచ్చు. ఎవరో ఒకరు నిచ్చెన ఎక్కి బాగు చేశారు. ఈ వీడియో తీసినవాళ్ళు కనీసం ఒక్క సెకనైనా మా వేగాన్ని మాకు వదిలేశారు. అందుకు నాకు ఈ వీడియో అంటే ఇష్టం. ఇంకో మూడు సెకన్లు ఇచ్చి ఉండాల్సిందని కూడా అనుకుంటాను.

జవాబు 4: సంగీతం చెప్పేవాణ్ణి

బొమ్మ గురించి అన్నీ చెప్పారు, పాట పక్షాన ఒక్క మాట. 1688లో యోహాన్నెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి ఈ బెంగకు 'నాస్టాల్జియా' అని పేరు పెట్టి, జబ్బుగానే రాశాడు. తర్వాత 1768లో తత్వవేత్త రూసో తన సంగీత నిఘంటువులో స్విస్ సైనికుల గురించి రాశాడు. వాళ్ళ ఊళ్ళలో పశువుల కాపరులు పాడుకునే ఒక వరుస వింటే సైనికులు ఏడ్చేవారట, కొలువు వదిలి పారిపోయేవారట. అందుకని దళాల్లో దాన్ని పాడకూడదని నిషేధించారని అంటాడు. అదే వరుస బయటివాళ్ళను ఏమీ చేయదట. అక్కడ అది సంగీతంగా కాదు, ఒక గుర్తుగా పనిచేస్తోందని అతని వాదన.

మరి ఆ ఊరివాళ్ళం కాని మనకు ఈ పాట ఎందుకు తగులుతోంది? వీడియో ముందుగా ఆ గుర్తును మనకు తయారుచేసి పెడుతుంది. మొదటి 22 సెకన్లు మాటల్లేవు, గేటు గడియ చప్పుడు రెండుసార్లు వినిపిస్తారు. మొదటిసారి అతని చేతి కింద, రెండోసారి పిల్లాడి చేతి కింద. చివర అదే గడియ పడేసరికి అది మనకూ పాత చప్పుడైపోతుంది. నాలుగు నిమిషాల్లో మనకొక పాత ఊరు పుడుతుంది.

కొత్త ఎడిటర్

అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. సౌండు కట్టేసి చూశాను, కాగితం మీద రాశాను. మేడ మీది చీర నిజంగానే మామూలు వేగంతో ఉంది. ఇన్నిసార్లు చూసి కూడా నాకు కనపడలేదు.

తర్వాత నా వీడియోకు కూడా అలాగే రాశాను. 61 షాట్లు. రాసిందంతా చదువుకుంటే 'తలుపు ఉంది', 'కిటికీ ఉంది', 'మెట్లు ఉన్నాయి' అనే ఉంది. లేనిది ఒక్కటి కూడా లేదు.

నిన్న పనికిరావని పక్కన పెట్టిన ముక్కలన్నీ మళ్ళీ తెరిచాను. అందులో ఒకటి దొరికింది. తమ్ముడు పెరటి తలుపు దాటుతూ కాలు కొంచెం ఎత్తుగా లేపాడు. అక్కడ ఒకప్పుడు మెట్టుండేది, నేల ఎత్తు పెంచినప్పుడు కలిసిపోయింది. లేని మెట్టు మీద కాలు వెయ్యబోయి తూలాడు. నడక చెడిందని ఆ రోజు నేనే ఆపి మళ్ళీ తీశాను. ఆ చెడిన ముక్కను ఇప్పుడు రెండో చరణంలో పెట్టాను, స్పీడు తగ్గించకుండా, రంగు వెయ్యకుండా. అమ్మకు చూపించాను. ఏమీ అనలేదు, ఇంకోసారి వెయ్యమంది.

ఎడిటర్ గారూ, ఒక్క సందేహం. కాలు నేలకు తగలగానే కట్ చెయ్యాలా, ఇంకాసేపు ఉంచాలా?

పాటల ఎడిటర్

తూలిన తర్వాత అతను కిందికి చూశాడా? చూసి ఉంటే, చూసి మళ్ళీ తల ఎత్తేదాకా ఉంచండి. తల ఎత్తుతుండగా కట్ చెయ్యండి.