హైదరాబాద్ నుంచి ఉమ్లింగ్ లా: థార్‌కి నాలుగు లక్షల సామాను బిగించాలా, ఉన్న బండిని ఉన్నట్టే తోలాలా?

కరీంనగర్_తమ్ముడు:
అన్నలూ, ఒక లొల్లి తేల్చాలె. నాది 2021 థార్, డీజిల్, హార్డ్ టాప్, 48 వేలు తిరిగింది. జూన్ రెండో వారంల నేను, మా బామ్మర్ది బయల్దేరుతున్నం. నాగ్‌పూర్, ఆగ్రా, మనాలి, లేహ్, హన్లే, ఆఖరికి ఉమ్లింగ్ లా, అంటే లద్దాఖ్‌ల బాగ ఎత్తుమీదుండే కనుమ రోడ్డు. వచ్చేటప్పుడు జన్స్‌కార్ మీదికెళ్లి శింకు లా దిగి మళ్ల మనాలి. 26 రోజులు.

చేతిల నాలుగు లక్షలున్నయ్. షాపాయన రాసిచ్చిన చిట్టీ ఇది: బండిని రెండించులు పైకి లేపే లిఫ్ట్ కిట్, 33 ఇంచుల మడ్ టైర్లు, స్నార్కెల్ (ఇంజిన్‌కి పైనుంచి గాలి గుంజే గొట్టం), ముంగట ఉక్కు బంపర్, దాన్ల వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతోని గుంజే మిషన్), రూఫ్ ర్యాక్, దానిమీద టెంట్, లైట్ బార్, రెండో బ్యాటరీ, ఫ్రిజ్. బడ్జెట్ దాటుతది గానీ కిస్తీలు పెట్టుకుందామంటున్నడు. మా బామ్మర్ది ‘ఇవేం లేకుంటే ఆడికి ఎట్ల పోతం బావా’ అంటడు. మా బాపు ‘ఆ పైసలతోని చేన్ల డ్రిప్పు ఏపిస్త’ అంటడు. పోయొచ్చినోళ్లు చెప్పుండ్రి.

ఆటోనగర్_పానా:
తమ్ముడూ, ఆ చిట్టీ నీ ప్రయాణం చూసి రాసింది కాదు, షాపులో మిగిలిపోయిన సరుకు చూసి రాసింది. నాది బెజవాడ ఆటోనగర్‌లో గ్యారేజీ, ఇరవై రెండేళ్లుగా ఇదే పని. ఇట్టాంటి సామాను బిగించి నేనూ డబ్బులు తీసుకున్నా, కాబట్టి ఉన్నమాట చెప్తా.

లిఫ్ట్ సంగతి ముందు చూడు. నీ బండి ముందు చక్రాలు ఇండిపెండెంట్ సస్పెన్షన్. రెండంగుళాలు లేపితే డ్రైవ్ షాఫ్ట్ కోణం మారుద్ది. చక్రం దగ్గరుండే రబ్బరు బూటు ఎప్పుడూ ఒకపక్కకి మడత పడే ఉంటది. పోయినేడు ఒక బండి వచ్చింది, లిఫ్ట్ కట్టించి ఎనిమిది నెలలైందంట. బూటు మడతలో గోరంత చిరుగు. దాంట్లోంచి గ్రీజు కక్కి, రిమ్ము లోపలంతా నల్లగా చిమ్మింది. వేలు పెట్టి చూస్తే గ్రీజులో ఇసక. జాయింటు పోయింది. అది హైదరాబాద్‌లో పోతే రెండు రోజుల పని. హన్లేలో పోతే ఏం చేస్తావ్?

కంపెనీ ఇచ్చిన గ్రౌండ్ క్లియరెన్సే 226 మిల్లీమీటర్లు. ఆ రోడ్ల మీద మారుతి ఆల్టోలు తిరుగుతున్నాయి నాయనా.

మడ్ టైర్లు అసలొద్దు. నీ మొత్తం తిరుగుడు ఏడు వేల కిలోమీటర్లనుకుంటే అందులో అయిదు వేలు తారు రోడ్డే. ఆ మోతకి నాగ్‌పూర్ దాటేలోపే నువ్వూ మీ బామ్మర్దీ కొట్టుకుంటారు. నీకు ఆల్ టెర్రైన్ టైర్లుంటాయి, 48 వేలు తిరిగినాయి కాబట్టి అదే సైజులో కొత్త సెట్టు వేయించు. ఆ చిట్టీలో పనికొచ్చే ఖర్చు అదొక్కటే, అదీ సైజు తప్పు రాశాడు.

టాపు_మీద_గుడారం:
పానా గారూ, మీ మాట మీద గౌరవం ఉంది గానీ ‘ఏదీ వద్దు’ అనే మాట నాకు నచ్చదు. మాది విశాఖ. టెంట్ కట్టుకుని స్పితి వెళ్ళొచ్చాను. గ్రంఫూ నుంచి బాతల్ వైపు వెళ్తుంటే ముందు కొండ జారింది. రెండు రాత్రులు అక్కడే. కార్లలో వచ్చినవాళ్లు సీట్లలో ముడుచుకుని నడుములు పట్టేసి కూర్చుంటే, నేను ఐదు నిమిషాల్లో మెట్లు దించి పైన కాళ్ళు చాపి పడుకున్నాను. కింది చలి, తడి అంటలేదు. జన్స్‌కార్ వైపు వెళ్ళేవాడికి గది ఎక్కడ దొరుకుతుందో, రాత్రి ఎక్కడ పడుతుందో ముందు తెలీదు. ‘ఇక్కడ ఆగుదాం’ అనుకున్న చోట ఆగగలగడం కోసమే కదా సొంత బండిలో పోయేది? లేకపోతే విమానం ఎక్కి లేహ్‌లో దిగి టాక్సీ మాట్లాడుకుంటే పోలేదా!

సర్వేయర్_సాబ్:
నేను బండ్ల ఇన్సూరెన్స్ సర్వే చేసేవాణ్ణి, హైదరాబాద్. ఈ చర్చలో చట్టం సంగతి ఎవరూ ఎత్తలేదు.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు, తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇదే. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్‌లో యజమానికి ఒక్కో మార్పుకు ₹5,000 జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉన్నాయి. ‘ఒక్కో మార్పుకు’ అన్నది గమనించండి. ముందు బిగించే ఉక్కు గార్డుల మీద చర్య తీసుకోమని కేంద్రం 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది. కారణం కూడా ఉంది. గుద్దుకున్నప్పుడు నలగాల్సిన భాగం నలగదు, ఎయిర్‌బ్యాగ్ సెన్సార్ లెక్క తప్పుతుంది, ఎదుటి పాదచారికి తగిలేది ఉక్కు.

దారిలో పోలీసు ఆపకపోవచ్చు, నిజమే. కానీ బండి లోయ అంచున పల్టీ కొడితే ఫోటోలు తీసేది నాలాంటివాడే. ఫోటోలో లిఫ్ట్ కిట్ కనిపిస్తుంది. పాలసీలో చెప్పలేదు కదా అని కంపెనీ అడుగుతుంది. అప్పుడు నేను కళ్ళు మూసుకోలేను.

టాపు_మీద_గుడారం:
సార్, టెంటు, ర్యాక్ విప్పి పక్కన పెట్టే వస్తువులు. వాటిని లిఫ్ట్ కిట్‌తో ఒకే గాటన కట్టకండి.

ఆటోనగర్_పానా:
విప్పేవే, కాదన్లేదు. కానీ టెంటు 50, 60 కిలోలు, ర్యాకు ఇంకో పాతిక. మాన్యువల్‌లో టాపు మీద మోయగల బరువు రాసుంటది, అది నడుస్తున్నప్పటి లెక్క. ఆగినప్పుడు టాపు ఎక్కువే మోస్తది, అందుకే ఇద్దరు పడుకున్నా ఏం కాదు. గుంతలో ఒకపక్క చక్రం దిగినప్పుడు పైన ఆ బరువు ఊగితే ఎట్టా ఉంటదో నువ్వు స్పితిలో చూసే ఉంటావ్. పైగా థార్ పొట్టి బండి, ఎత్తు బండి.

ఉద్దానం_డ్రైవర్:
బాబూ, నాను ఫౌజీలో డ్రైవర్‌గా చేసి రిటైరయినాను. ఆ రోడ్డు మీద నాలుగు సీజన్లు లోడు తోలినాను. మీరందరూ బండికేటి తగిలించాలని మాటాడుతున్నారు గాని, గడియారం సంగతి ఎవరూ మాటాడలేదు.

నాలాలంటే రోడ్డుకి అడ్డంగా పారే ఏర్లు, వాటిలో నీరు మంచు కరిగిన నీరు. పొద్దున్న ఆరింటికి మోకాలి కిందికి ఉన్న నాలా మధ్యాన్నం మూడింటికి నడుం దాక వస్తది. పొద్దున్నే దాటీవోడికి స్నార్కెల్ ఎందుకు? సాయంత్రం దాటీవోడికి స్నార్కెల్ ఉన్నా, గాలి ఇంజినుకి అందుతాది గాని బండినే నీరు తోసీస్తది. నాను చూసినంతలో నాలాలో ఆగిన బండ్లు నీటి లోతుకి ఆగలేదు, అడుగునున్న రాయి చూడక ఆగిపోనాయి. దిగి, ప్యాంటు మడిచి, కర్రతో ఒకసారి నడిచి చూడాల. ఆ నీటిలో కాలు పెట్టీసరికి పళ్ళు జివ్వుమంటాయి, అందుకే ఎవులూ దిగరు.

ఇక వించి. లేహ్ దారిలో మోరే మైదానంలో నలభై కిలోమీటర్లు చూపు ఆనీదాక ఒక్క చెట్టు లేదు. ఆ తాడు దేనికి కడతావు బాబూ? ఇంకో బండికే కట్టాల. ఇంకో బండుంటే మామూలు తాడు చాలు.

ఆటోనగర్_పానా:
బాబాయ్ గారూ, దండం. వించ్ మీద నేను ఇరవై నిమిషాలు టైపు చేసిందంతా చెరిపేశా.

స్నార్కెల్ మీద ఒక్క ముక్క కలుపుతా. ఇరుసులకి, గేర్‌బాక్సుకి ఊపిరి గొట్టాలుంటాయి, బ్రీదర్లు. వేడిగా ఉన్న ఇరుసు చల్లటి నీళ్ళలో దిగ్గానే లోపలి గాలి ముడుచుకుని నీళ్ళు పీలుస్తది. స్నార్కెల్ పెట్టినోళ్ళు వాటి సంగతి పట్టించుకోరు. నీళ్ళు దాటొచ్చాక ఆయిల్ విప్పి చూడు, పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్ళు దిగినట్టే.

పెర్త్_నుంచి:
నేను ఆస్ట్రేలియాలో ఉంటున్నా, మాది తెనాలి. ఇక్కడ ఎడారి దారిలో మూడు రోజులు మనిషి కనపడడు. రెండో బ్యాటరీ, ఫ్రిజ్, వంద లీటర్ల నీళ్ళు లేకుండా బయల్దేరితే పిచ్చోడంటారు. అందరూ ‘వద్దు వద్దు’ అంటుంటే నాకు భయమేస్తోంది. కనీసం శాటిలైట్ మెసెంజర్ అయినా తీసుకెళ్ళు తమ్ముడూ. కావాలంటే నేను పంపిస్తా.

సర్వేయర్_సాబ్:
అయ్యా, దయచేసి పంపకండి! అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్, అలాంటి మెసెంజర్ మన దేశంలో పెట్టుకోవడం నేరం. విదేశాల నుంచి తెలియక తెచ్చుకుని విమానాశ్రయాల్లో కేసుల్లో ఇరుక్కున్నవాళ్లున్నారు. మనవాడు పోయేది చైనా సరిహద్దు పక్కకి. తమ్ముడూ, నీ సిమ్ పోస్ట్‌పెయిడేనా? ఇక్కడి ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు. నాలుగు లక్షల సామాను బిగించుకుని, ఇంటికి ఫోన్ చేయలేక తిప్పలు పడేవాళ్ళే ఎక్కువ.

పెర్త్_నుంచి:
ఆ సంగతి తెలీదు, క్షమించాలి. మెసెంజర్ మాట వెనక్కి తీసుకుంటున్నా. ఫ్రిజ్ మాట మాత్రం తీసుకోను.

ఉద్దానం_డ్రైవర్:
అక్కడ ఊరంతా ఫ్రిజ్జే కదేటి బాబూ.

నెల్లూరు_జిమ్నీ:
నేను జిమ్నీలో వెళ్ళొచ్చా. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్, లేహ్ దారిలోని తంగ్‌లంగ్ లా కనుమ మీద సగం బలమే మిగిలింది, ఫస్ట్ గేరులో ఆవులిస్తూ ఎక్కింది. ఎక్కింది మాత్రం. మీ డీజిల్‌కి టర్బో ఉంది, అంత ఇబ్బంది ఉండదు.

అందరూ మర్చిపోయింది టైర్లలో గాలి. పైకి పోయేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గి టైర్లో 7 పీఎస్ఐ, అంటే గేజీలో 7 పాయింట్లు, పెరుగుతుంది. మనాలిలోనే 7 తీసేసి బయల్దేరాలి.

ఆటోనగర్_పానా:
తియ్యొద్దు! సగం లెక్కే చెప్పావ్. నెల్లూరులో 35 డిగ్రీల ఎండలో 32 పెట్టావనుకో. పదిహేడు వేల అడుగుల మీద బయటి ఒత్తిడి 14.7 నుంచి ఏడున్నరకి దిగుద్ది, అక్కడ ఏడు పాయింట్లు పెరగాలి, నిజమే. కానీ అక్కడ చలి ఐదు డిగ్రీలు. ముప్పై డిగ్రీలు తగ్గినందుకు నాలుగున్నర పాయింట్లు పోద్ది. మిగిలేది రెండున్నర. ముందే ఏడు తీసేస్తే మెత్తటి టైరు పక్కగోడ రాయికి కోసుకుపోద్ది, ఆ చోట పంచర్ వెయ్యటం కూడా కుదరదు.

తమ్ముడు చేయాల్సింది ఒకటే. మంచి గేజీ, బ్యాటరీకి నేరుగా క్లిప్పులు పెట్టే గాలి పంపు కొనుక్కో. సిగరెట్ లైటర్‌లో గుచ్చేది వద్దు, అంత పెద్ద టైరుకి ఫ్యూజు కొట్టేస్తది. పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకో. ట్యూబ్‌లెస్ పంచర్ కిట్టు, ఒక డీజిల్ ఫిల్టరు, బెల్టు, ఫ్యూజులు, కూలెంటు, ఇంజిన్‌లో లోపమేంటో చూపించే ఓబీడీ స్కానరు పెట్టుకో. కల్తీ డీజిల్ పడితే నిన్ను ఇంటికి చేర్చేది ఆ చిన్న ఫిల్టరే.

కరీంనగర్_తమ్ముడు:
మరి డీజిల్ క్యాన్లు? షాపాయన టాపు మీదికి రెండు చెప్పిండు.

నెల్లూరు_జిమ్నీ:
నీకు 57 లీటర్ల ట్యాంకు. తాండీ బంకు దగ్గర ‘తర్వాతి బంకు 365 కిలోమీటర్లు’ అనే బోర్డు చూసి అందరం ఫోటో దిగుతాం గానీ, నిండు ట్యాంకుతో నువ్వు హాయిగా లేహ్ చేరతావు. నాది 40 లీటర్లు, నేనే చేరాను. క్యాన్ కావాల్సింది లేహ్ నుంచి హన్లే, ఉమ్లింగ్ లా పోయి రావడానికి, అది ఏడొందల కిలోమీటర్లకు అటూ ఇటూ. ఇరవై లీటర్ల ఇనప క్యాన్ ఒకటి చాలు. ప్లాస్టిక్ డబ్బాలో బంకువాళ్ళు పోయరు. నిండా పోయించకు. పైకి పోయాక క్యాను ఉబ్బుతుంది, మూత నెమ్మదిగా తిప్పాలి. నేను ఆత్రంగా తిప్పి చొక్కా మొత్తం పెట్రోలు చేసుకున్నా, లేహ్ దాకా కిటికీలు తెరుచుకునే వచ్చాం.

ఉద్దానం_డ్రైవర్:
ఒక సామాను ఎవులూ రాయలేదు. కుక్కరు. లేహ్‌లోనే నీరు 88 డిగ్రీలకి మరిగిపోతాది, దారిలో ఇంకా ఎత్తునుండే పాంగ్ దగ్గరైతే ఇంకా తక్కువకి. గిన్నెలో ఎంతసేపు ఉడికించినా బియ్యం లోపల పలుకు పలుకే. మనోళ్ళు రెండు రోజులు మ్యాగీ తిని మూడోరోజు అన్నం లేదని ఏడుస్తారు. మూడు లీటర్ల కుక్కరు ఒకటి, ఆవకాయ సీసా ఒకటి. చిన్న గ్యాసు డబ్బా స్టవ్వు సున్నా డిగ్రీల దగ్గర మండదు, రాత్రి డబ్బాని దుప్పటిలో పెట్టుకోవాల.

ఇంకోటి. మొదటి రాత్రి బాగా ఎత్తునున్న సర్చూలో పడుకోకండి, దానికి ముందు కిందనున్న జిస్పాలో ఆగండి. తలనొప్పి, వాంతులు వస్తే కిందికి దిగడమే మందు. మెడికల్ షాపులో అమ్మే ఆక్సిజన్ డబ్బా పది నిమిషాలు కూడా రాదు, దాన్ని నమ్ముకుని పైకి పోవద్దు.

టాపు_మీద_గుడారం:
బాబాయ్ గారు చెప్పినదానికి అడ్డు లేదు. అయినా నా మాట నాదే. జిస్పాలో ఏటి పక్కన నా టెంట్లో నిద్రపోయినంత సుఖం ఏ గదిలోనూ పోలేదు. లెక్కల్లో అది రాదు, అంతే.

కరీంనగర్_తమ్ముడు:
అన్నలూ, నిన్న అన్ని సామాన్లు పెట్టి, ట్యాంకు నింపి ధర్మకాంట మీదికి ఎక్కించిన. టెంటు దోస్తుది అడుక్కొచ్చి ర్యాక్ మీద కట్టిన, చూద్దామని. ఖాళీ బండి కంటే 430 కిలోలు ఎక్కువచ్చింది. గుండె గుభేల్‌మంది. టెంటు, ర్యాక్ దించినం, 80 తగ్గినయ్. మా బాపు సూస్తుండె, ‘ఆని గూడ దించి చూడుర’ అన్నడు మా బామ్మర్దిని చూపెట్టి. దించినం. 110 తగ్గినయ్.

టైర్లు, గాలి పంపు, క్యాను, కుక్కరు ఖాయం. లిఫ్ట్, స్నార్కెల్, బంపర్, వించ్ కొట్టేసిన. పోస్ట్‌పెయిడ్ సిమ్ తీసుకున్న. టెంట్ కాడ ఇంకా తెగుతలేదు.

టాపు_మీద_గుడారం:
తేలిపోయింది కదా తమ్ముడూ. టెంట్ ఎక్కించు, బామ్మర్దిని దించు. ఇంకా ముప్పై కిలోలు మిగులు!

కరీంనగర్_తమ్ముడు:
అన్నా, టెంట్ మీద పండుకోవచ్చు. బామ్మర్దిని దించినంక ఇంట్ల పండుకునుడు కష్టం.