మా ఊరి బడిలో పిల్లల్ని నిలుపుకోవడం ఎలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది చిన్న పల్లెటూరు. ఊళ్లో ఉన్న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మా పాప మూడో తరగతి. ఐదు తరగతులకీ కలిపి 14 మంది పిల్లలు, ఒక్కరే టీచరమ్మ. ఒకే గదిలో ఈ గోడ బోర్డు మీద ఒకటో తరగతికి అక్షరాలు రాసి, వెనక్కి తిరిగి ఆ గోడ బోర్డు మీద ఐదో తరగతికి భాగహారాలు చెబుతారు. మధ్యలో మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్క కూడా ఆవిడే చూసుకోవాలి.

పొద్దున ఎనిమిదింటికి ప్రైవేటు స్కూలు వ్యాను వచ్చి సగం ఊరి పిల్లల్ని ఎక్కించుకుపోతుంది. కూలికెళ్లేవాళ్లు కూడా అప్పు చేసి ఫీజు కడుతున్నారు. "సర్కారు బడులెందుకు, ఆ డబ్బేదో మన చేతికిస్తే నచ్చిన చోట చదివించుకుంటాం" అంటున్నారు. వాళ్లను తప్పుపట్టలేను. కానీ ఈ బడి మూతపడితే వ్యాను ఖర్చు పెట్టుకోలేని ఆ 14 మంది ఎక్కడికి పోవాలి? అందుకే బడిని ప్రభుత్వమే నడపాలన్నది నా గట్టి నమ్మకం.

2009 విద్యా హక్కు చట్టం ప్రకారం 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లు ఉండాలి. బడి కమిటీలో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి. మా కమిటీ సంతకాలకే పరిమితమైంది.

రెండో టీచర్ కోసం అర్జీ ముందు ఎంఈఓకి (మండల విద్యాధికారికి) ఇవ్వాలా, నేరుగా కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వాలా? వ్యాను ఎక్కే పిల్లల్ని తిరిగి ఊరి బడికి తెచ్చుకున్న ఊళ్లవాళ్లు ఎవరైనా ఉంటే, ఆ తల్లిదండ్రులతో మొదట ఏం మాట్లాడారో దయచేసి వివరంగా రాయండి. జూన్‌లో బడులు తెరిచేలోపు ఇల్లిల్లూ తిరగాలనుకుంటున్నాను.