గల్ఫ్ ఎండ, ఒహాయో ఉప్పు, ఇంటి దగ్గర ఎలుకలు: దేశదేశాల్లో కార్లు ఉంచుకున్నవాళ్ల చర్చ

కృష్ణలంక:
ఉద్యోగాల వెంట దేశాలు మారినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మారుతి 800తో మొదలుపెట్టి గల్ఫ్‌లో ఒకటి, అమెరికాలో రెండు నడిపి మళ్లీ ఇంటికి చేరినవాళ్లూ ఉన్నారు. ఒక్కో దేశం కారులో ఒక్కో భాగాన్ని ముందు తినేస్తుంది. తెలిసినవాళ్లు నాలుగు విషయాల మీద రాయండి. 1) సెకండ్‌హ్యాండ్ కొనేటప్పుడు ఎక్కడ ఏం చూడాలి 2) బంకులో ఏ నంబరు పెట్రోలు 3) ఇంటి దగ్గర వదిలి వెళ్లే కారును ఎలా ఉంచాలి 4) లైసెన్సులు. సొంత కథలు తగ్గించి వివరం ఎక్కువ రాయండి.

షార్జా_రోలా:
మొదటి ప్రశ్నకే రాస్తాను. గల్ఫ్‌లో మనవాళ్ల డబ్బు ఎక్కువగా పోయేది అక్కడే. బండి జీసీసీ స్పెక్ (గల్ఫ్ దేశాల కోసం తయారైన మోడల్) అవునో కాదో తేలాకే ధర మాట్లాడండి. అమెరికాలో యాక్సిడెంటయ్యి, వేలంలో అమ్ముడైన బండ్లు కంటైనర్లలో వచ్చి, ఇక్కడ డెంటింగ్ పెయింటింగ్ చేయించుకుని మెరుస్తూ నిలబడతాయి. జీసీసీ బండికి రేడియేటరు, ఏసీ ఇక్కడి ఎండకు తగ్గట్టు ఇస్తారు. వీటికి అది ఉండదు.

గుర్తులు: స్పీడోమీటర్‌లో మైళ్ల అంకెలు పెద్దగా, కిలోమీటర్లు చిన్నగా ఉంటాయి. డ్రైవర్ డోరు తెరిస్తే పిల్లర్ మీద అమెరికా ఫెడరల్ భద్రతా ప్రమాణాల స్టిక్కరు కనిపిస్తుంది. చాసిస్ నంబరు 1, 4, 5లతో మొదలైతే అమెరికాలో తయారైందని మాత్రమే అర్థం. జీసీసీ కోసం అక్కడే తయారైన పెద్ద బండ్లూ ఉన్నాయి కాబట్టి ఆ ఒక్క అంకెతో తీర్పు చెప్పకండి. ఆ నంబరుతో అమెరికా హిస్టరీ రిపోర్టు తీస్తే సాల్వేజో (బాగా దెబ్బతిని ఇన్సూరెన్స్ వదిలేసినది) ఫ్లడ్డో (వరదలో మునిగినది) బయటపడుతుంది.

ఇగ్నిషన్ ఆన్ చేయగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి కొన్ని సెకన్లకు ఆరాలి. అసలు వెలగకపోతే దాన్ని పీకేశారని అర్థం, ఎయిర్‌బ్యాగ్ పేలిపోయాక కొత్తది వేయలేదేమో చూసుకోవాలి.

యూఏఈలో 2024 ఏప్రిల్ 16 వానలో మునిగిన బండ్ల కోసం ఇంకో పరీక్ష ఉంది. సీటుబెల్టు చివరిదాకా లాగితే లోపలి భాగంలో బురద గీత కనిపిస్తుంది. సీటు కింద పట్టాల బోల్టులు, స్టెప్నీ గుంత, ఫ్యూజ్ బాక్సులో పచ్చటి చిలుము కూడా చూడండి. బయటి పాలిష్ ఎంత బాగున్నా ఈ నాలుగు చోట్లా తుడవడం ఎవరూ పూర్తిగా చెయ్యలేరు.

జగిత్యాల_డ్రైవర్:
స్పెక్ సంగతి మంచిగ చెప్పినవ్ అన్నా. గని టైర్ల ముచ్చట ఎవ్వలు తియ్యలే. గల్ఫ్‌ల మనిషిని చంపేది ఇంజన్ కాదు, టైరే. సైడ్‌వాల్ మీద డాట్ అని ఉంటది, దాని చివరి నాలుగు అంకెలు చూడాలె. 2319 అంటే 2019ల 23వ వారం తయారైందన్నట్టు. ఐదేండ్లు దాటిన టైరుతోని యూఏఈల పాసింగ్‌కు (బండి తనిఖీకి) పోతే ఫెయిల్ చేస్తరు, ముల్కియా (రిజిస్ట్రేషన్ కార్డు) రెన్యువల్ కాదు. టైరు మీది గుండీలు (ట్రెడ్) బాగున్నయ్ కదా అని వాదించకుండ్రి, ఎండకు రబ్బరు లోపల్నే గట్టిపడతది. గాలి పొద్దుగాల బండి కదలక ముందు చూడాలె. హైవే మీద నడిచినంక చూస్తే ఎక్కువ చూపెడుతది, అది చూసి గాలి ఇడిసిపెడితే మిట్టమధ్యాహ్నం టైరు తక్కువ గాలితోని వేడెక్కి పేలుతది.

బ్యాటరీ కూడ గంతే. ఎండకు లోపలి ప్లేట్లు తినేస్తయ్, నీళ్లు ఆవిరైతయ్. ఇండియాల నాలుగేండ్లు వచ్చేది అక్కడ రెండేండ్లకే చేతులెత్తేస్తది. జూన్ రాకముందే లోడ్ టెస్ట్ చేయించుకోండ్రి.

డేటన్_గ్యారేజ్:
ఇక్కడ దానికి పూర్తిగా ఎదురు. ఒహాయో, మిషిగన్ వైపు బాడీనే పోతుంది. మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే రాతి ఉప్పు సుమారు మైనస్ 9 డిగ్రీల కింద సరిగా పనిచేయదు, అందుకని కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణాలు కలుపుతారు. అవి గాలిలోని తేమను లాక్కుని కింది భాగాన్ని తడిగానే ఉంచుతాయి.

కొనేముందు లిఫ్ట్ ఎక్కించండి. వెనక సబ్‌ఫ్రేమ్, డోర్ల కింది పట్టీ, బ్రేకు గొట్టాలు చూడాలి. స్క్రూడ్రైవర్ పిడితో తడితే గట్టి ఇనుము ఖంగుమంటుంది, పుచ్చినది డొల్లగా మోగుతుంది. బ్రేకు గొట్టం పొట్టు రేగి ఉంటే బేరం మానేయండి, ఇంజన్ ఎంత బాగున్నా సరే. చలి మొదలయ్యే ముందు ఏటా లానోలిన్ కలిసిన నూనె కింద కొట్టించాలి. రబ్బరులా మందంగా పూసే కోటింగ్ మాత్రం వద్దు. అది ఒకచోట చిట్లితే ఉప్పునీరు దాని వెనక చేరి బయటికి రాదు. డోర్ల అడుగున ఉండే చిన్న రంధ్రాలు మూసుకుపోకుండా చూసుకోండి.

కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. అలా అయితే మైనస్ 37 వరకు గడ్డకట్టదు. కుళాయి నీళ్లు పోసే అలవాటు ఇంటిదగ్గరా మానాలి, సున్నం రేడియేటర్‌లో పేరుకుంటుంది.

వాల్వ్_క్లియరెన్స్:
మూడో ప్రశ్నకు. ఇండియాలో ఇప్పుడు బంకుల్లో ఉన్నది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. కారు ఆర్నెల్లు వదిలేస్తున్నట్లయితే ట్యాంకు దాదాపు ఖాళీ చేసి వెళ్లండి. పాతికేళ్లుగా వర్క్‌షాపు నడుపుతున్నాను, ఇంజెక్టర్లు విప్పి చూసినవాడికి తెలుస్తుంది. ఫుల్ ట్యాంకు సలహా ఇనుప ట్యాంకుల కాలం నాటిది.

కాకినాడ_కాజా:
అండీ, ఇది తప్పు. ఖాళీ ట్యాంకులో ఉండేది గాలి. గాలి ఎక్కువుంటే తేమ ఎక్కువ, పగలూ రాత్రీ వేడి మారినప్పుడల్లా ఆ తేమ గోడలకు పట్టి కిందికి జారుతుంది. పైగా పెట్రోలు పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది, దానికి చల్లదనం పెట్రోలే. నాలుగు లీటర్లతో వదిలేసి, వచ్చాక సెల్ఫ్ కొడితే పంపు పొడిగా తిరుగుతుంది. ట్యాంకు నిండా పోయించి, స్టెబిలైజర్ (పెట్రోలు పాతబడకుండా వేసే మందు) కలిపి, పది నిమిషాలు ఇంజన్ తిప్పి ఆపండి. అప్పుడే మందు కలిసిన పెట్రోలు ఇంజెక్టర్ల దాకా చేరుతుంది.

వాల్వ్_క్లియరెన్స్:
మీరు చదివి చెబుతున్నారు, నేను చేతులు మసి చేసుకుని చెబుతున్నాను. నీళ్లు చేరాక ఇథనాల్ పెట్రోలు నుంచి విడిపోయి అడుగున చేరుతుంది. పంపు ముందు లాగేది ఆ అడుగుదే. ట్యాంకు నిండుగా ఉంటే నలభై లీటర్లూ పారబోయాలి, ఖాళీగా ఉంటే నాలుగే.

కాకినాడ_కాజా:
విడిపోవాలంటే ఎంత నీరు కావాలో కూడా చెప్పండి మరి. ఇథనాల్ పాలు పెరిగేకొద్దీ విడిపోకుండా పట్టి ఉంచే నీరూ పెరుగుతుంది, ఈ10 కంటే ఈ20 ఎక్కువే పట్టుకుంటుంది. మూత బిగించిన ట్యాంకులోకి, కార్బన్ డబ్బా గుండా వచ్చే గాలి తేమతో అంత నీరు చేరదు. నీళ్లు వచ్చేది బంకు నుంచే. వానాకాలంలో భూమిలోని ట్యాంకులోకి ఊట వస్తుంది. అనుమానం ఉంటే బంకులో నీటి పరీక్ష చేసి చూపించమని అడిగే హక్కు మనకు ఉంది. ఫిల్టర్ పేపర్ పరీక్ష, ఐదు లీటర్ల కొలత కూడా అడగొచ్చు. వాటికి భయపడి ట్యాంకు ఖాళీ చేయడమేంటి?

వాల్వ్_క్లియరెన్స్:
బంకు వాడు ఏ పండగ రోజైనా మీకు నీటి పరీక్ష చేసి చూపించాడా? కాగితం మీద హక్కులు చెబితే కారు స్టార్ట్ అవదు. నా మాట నాది.

డేటన్_గ్యారేజ్:
ఇద్దరూ నీళ్ల దగ్గరే ఆగిపోయారు. పెట్రోలు గాలి తగిలి పాతబడుతుంది, జిగురు తయారవుతుంది, ఆర్నెల్ల పార్కింగ్‌లో పెద్ద సమస్య అది. ట్యాంకులో గాలి తక్కువుంటే అదీ తక్కువ. ఇక్కడ చలికాలమంతా బండి పక్కన పెట్టేవాళ్లు నిండా పోసి స్టెబిలైజర్ వేస్తారు. కాజా గారి లెక్కే సరైంది. కాకపోతే 2023 ఏప్రిల్‌కు ముందు కార్ల విషయంలో వాల్వ్ గారి భయం అర్థవంతమే. ఈ20కి తయారు కాని కారులో పైపులు, సీళ్ల రబ్బరు ఉబ్బుతుంది. పెట్రోలు మూత లోపలి స్టిక్కరులో ఏ ఇంధనం రాసి ఉందో చూడండి.

జగిత్యాల_డ్రైవర్:
మీరిద్దరు ట్యాంకు కాడ కొట్లాడుకుంట కూసుండ్రి, ఇంటికాడ నాయిన రోజు పొద్దుగాల బండి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలకు ఆపుతున్నడు. బండికి అన్నిటికంటె చెడు గదే. స్టార్ట్‌కు పోయిన కరెంటు గా ఐదు నిమిషాల్ల తిరిగి రాదు. ఇంజన్ వేడెక్కకముందే ఆపితే పెట్రోలు ఆయిల్ల కలుస్తది, సైలెన్సర్ల నీళ్లు నిలుస్తయ్. రెండు వారాలకోసారి అరగంట రోడ్డు మీద తిప్పమనుండ్రి. తిప్పేటోళ్లు లేకుంటే 10 నంబరు స్పానర్ తోని నెగెటివ్ టెర్మినల్ ఊడదీయండ్రి.

కాకినాడ_కాజా:
ఇది నూటికి నూరు పాళ్లు నిజం. లెక్క కూడా చెబుతాను. తాళం వేసిన కారు కూడా అలారం, కంప్యూటర్ కోసం 30 మిల్లీ యాంపియర్లు లాగుతూ ఉంటే రోజుకు 0.72 యాంపియర్ అవర్లు పోతాయి. చిన్న కారు 35 యాంపియర్ అవర్ల బ్యాటరీ నెలన్నర తిరక్కముందే చచ్చిపోతుంది. నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి, 12.2 అంటే సగం అయిపోయినట్టు. అలా వదిలేస్తే ప్లేట్లకు సల్ఫేట్ పట్టి మళ్లీ ఛార్జ్ ఎక్కదు.

ఇంకొన్ని. సముద్రం పక్క ఊళ్లలో హ్యాండ్‌బ్రేకు వేసి వదలకండి, వెనక డ్రమ్ములో లైనింగ్ అతుక్కుపోతుంది. ఫస్ట్ గేరులో పెట్టి, చక్రాలకు ముందూ వెనకా రాయి పెట్టండి. టైర్లలో మామూలు కంటే ఐదారు పీఎస్‌ఐ ఎక్కువ కొట్టించండి, సైడ్‌వాల్ మీద రాసిన గరిష్ఠం దాటకుండా. ఎలుకలకు చీకటి కావాలి. షెడ్డు తాళం వేసి ఉంటే బానెట్ తెరిచే ఉంచండి, గాలి పీల్చే గొట్టం మూతికి సన్నటి ఇనుప జాలీ కట్టండి. కలరా ఉండలు ఏసీ దారిలో మాత్రం వేయకండి, ఆ వాసన నెలల తరబడి వదలదు.

లెస్టర్_లక్ష్మి:
రెండో ప్రశ్నను అందరూ వదిలేశారు. "అమెరికాలో 87 నాసి పెట్రోలు, మన 91 మేలు" అని వాట్సాప్‌లో తిరిగే మాట నమ్మకండి. ఆ నంబరు ఆక్టేన్, అంటే ఇంజన్‌లో నాక్ (టకటక కొట్టడం) రాకుండా పెట్రోలు ఎంత తట్టుకుంటుందో చెప్పే కొలత. దాన్ని ఆర్‌ఓఎన్, ఎంఓఎన్ అని రెండు పద్ధతుల్లో కొలుస్తారు. ఇండియా, గల్ఫ్, యూరప్ బంకుల మీద రాసేది ఆర్‌ఓఎన్. అమెరికా, కెనడాలో రాసేది ఆర్‌ఓఎన్, ఎంఓఎన్ రెండింటి సగటు. అమెరికా 87 మన లెక్కలో 91-92, అక్కడి 93 ఇక్కడి 98కి దగ్గర. దుబాయ్‌లో 91, 95, 98 మూడూ ఉంటాయి. మాన్యువల్‌లో 91 అని ఉంటే 98 పోయడం దండగ. 95 అడిగే టర్బో ఇంజన్‌లో 91 పోస్తే నాక్ సెన్సార్ టైమింగ్ వెనక్కి లాగి ఇంజన్‌ను కాపాడుతుంది, కానీ లాగుడూ మైలేజీ తగ్గుతాయి.

మైలేజీ పోల్చేటప్పుడు గ్యాలన్ మర్చిపోకండి. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు, బ్రిటన్‌ది 4.546. బ్రిటన్‌లో 40 ఎంపీజీ అంటే అమెరికా 33, మన లెక్కలో లీటరుకు 14 కిలోమీటర్లు. ఈ20తో మైలేజీ తగ్గిందనే మాటకూ లెక్క ఉంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, కాబట్టి ఇథనాల్ లేని పెట్రోలుతో పోలిస్తే 6-7 శాతం తగ్గడం సహజం. అంతకంటే ఎక్కువ పడితే కారణం ఇంకోచోట వెతకండి.

బ్రిటన్‌లో సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లకు మంచి సౌకర్యం ఉంది. నంబరు కొడితే ఎంఓటీ (ఏటా జరిగే బండి తనిఖీ) చరిత్ర మొత్తం ఉచితంగా చూడొచ్చు, ఏ ఏడు ఎందులో ఫెయిలయ్యిందో, మీటరు ఎంత ఉందో సహా. మీటరు వెనక్కి తిప్పి ఉంటే అక్కడే దొరికిపోతుంది.

జగిత్యాల_డ్రైవర్:
అక్కా, గీ ముచ్చట కూడ జెర చెప్పుండ్రి. ఇంటికొచ్చినోళ్లు హైదరాబాద్‌ల ఫ్రీ లెఫ్ట్ అని సిగ్నల్ ఎర్రగ ఉన్నా మలుపుతున్నరు. బోర్డు ఉంటెనే ఫ్రీ లెఫ్ట్, లేకుంటె లేదు. అమెరికాల ఎర్ర లైటుకు కుడికి మలపొచ్చు గాని పూర్తిగ ఆగినంకనే, న్యూయార్క్ సిటీల బోర్డు లేకుంటె అదీ లేదు. గల్ఫ్ రౌండబౌట్ల లోపల తిరిగేటోడు మన ఎడమ దిక్కుకెల్లి వస్తడు, ఆయనకు దారి ఇయ్యాలె. ఇండియాల కుడిదిక్కుకెల్లి వచ్చేటోనికి ఇయ్యాలె. దుబాయ్‌ల స్పీడ్ లిమిట్ మీద 20 కిలోమీటర్ల సడలింపుకు అలవాటుపడి అబుదాబి పోతే కెమెరా కొడుతది, ఆడ 2018ల తీసేసిన్రు.

కృష్ణలంక:
ఫ్రీ లెఫ్ట్ మీద వేరే చర్చ పెడదాం. నాలుగోది ఇంకా ఎవరూ ముట్టుకోలేదు, లక్ష్మి గారూ మీరే మొదలుపెట్టండి.

లెస్టర్_లక్ష్మి:
ఇండియా లైసెన్సును చావనివ్వకండి. గడువుకు ఏడాది ముందు నుంచి, గడువు దాటాక ఏడాది వరకు రెన్యువల్ చేసుకోవచ్చు. ఆ ఏడాదీ దాటితే మళ్లీ టెస్టే. నలభై దాటినవాళ్లకు మెడికల్ ఫారం 1ఏ కావాలి. ఇండియా లైసెన్సుతో బ్రిటన్‌లో 12 నెలలు, జర్మనీలో 6 నెలలు నడపొచ్చు, తర్వాత అక్కడి పరీక్షలు రాయాల్సిందే. అంతర్జాతీయ పర్మిట్ ఏడాదికే, అది కూడా అసలు లైసెన్సు జేబులో ఉంటేనే చెల్లుతుంది. ఇంకో మాట, బ్రిటన్‌లో ఆటోమేటిక్ బండిలో టెస్ట్ ఇస్తే ఆటోమేటికే నడపాలి, యూఏఈలోనూ అంతే. క్లచ్ వచ్చినవాళ్లు మాన్యువల్‌లోనే టెస్ట్ ఇవ్వండి.

వాల్వ్_క్లియరెన్స్:
తిరిగొచ్చేటప్పుడు ఆ కారునే తెచ్చుకుంటామని అడిగేవాళ్లకు ముందే చెబుతున్నా. ఎడమ స్టీరింగ్ బండి రిజిస్టర్ కాదు. పాత కారు తేవాలంటే తయారై మూడేళ్లు దాటకూడదు, సుంకం అన్నీ కలిపి బండి ధరను దాటుతుంది. ఇంటి సామాన్ల రాయితీలో కారు రాదు. అక్కడే అమ్మేసి రండి. వచ్చేటప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి నో క్లెయిమ్ లెటర్ రాయించుకోండి.

ఏసీ గ్యాస్ ఎవరూ అడగలేదు కానీ రాస్తున్నా. అమెరికా, యూరప్ కొత్త బండ్లలో ఉండేది 1234వైఎఫ్, మన దగ్గర ఎక్కువగా 134ఏ. ఒకదాంట్లో ఇంకోటి కలపకూడదు. బానెట్ కింద స్టిక్కరు మీద ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. మెకానిక్ అరగంట వాక్యూమ్ పెట్టి, త్రాసు మీద తూచి ఎక్కించాలి. గేజు చూసి అందాజుగా కొట్టేవాడి దగ్గర ఆగకండి, ఎక్కువైతే కంప్రెసర్ పోతుంది.

కాకినాడ_కాజా:
గ్యాస్ విషయంలో వాల్వ్ గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నానండి. గ్యాస్ ఎక్కించే ముందే లీకు ఎక్కడో చూపించమనండి, ఏటా నింపాల్సి వస్తోందంటే కండెన్సర్‌కో సర్వీస్ వాల్వు సీలుకో చిల్లు ఉన్నట్టే. ట్యాంకు మాత్రం ఫుల్లే.