ట్రైలర్ లిథియం బ్యాటరీకి కారు నుంచి ఛార్జింగ్: ఏ సైజు వైరు వేయాలి?

వైజాగ్‌లో క్యాంపింగ్ ట్రైలర్ వైరింగ్ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. ట్రైలర్‌లో పాత లెడ్ యాసిడ్ బ్యాటరీ తీసేసి 12.8 వోల్టుల, 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెడుతున్నాను. లాగే బండి బీఎస్6 డీజిల్. ఆల్టర్నేటర్ స్మార్ట్ రకం, బండి బ్యాటరీ నిండగానే వోల్టేజి తగ్గించేస్తుంది. నేరుగా కలిపితే లిథియం నిండడానికి కావలసిన 14.4 వోల్టులు అందవు కాబట్టి 20 ఆంప్స్ డీసీ-డీసీ ఛార్జర్ (బండి నుంచి వచ్చే వోల్టేజిని పెంచి బ్యాటరీకి ఇచ్చేది) ట్రైలర్‌లోనే బిగిస్తున్నాను. అంతవరకు సందేహం లేదు.

చిక్కంతా వైరు దగ్గరే. బానెట్ నుంచి ఛార్జర్ దాకా 7 మీటర్లు, రానూపోనూ 14. ఛార్జర్ లోపలికి సుమారు 25 ఆంప్స్ లాగుతుంది. 6 చదరపు మి.మీ. రాగి వైరుకి దాదాపు 1.1 వోల్టు పడిపోతుంది, 10కి 0.7, 16కి 0.4. ఆల్టర్నేటర్ 12.6కి దిగినప్పుడు 6 వేస్తే ఛార్జర్ లో-వోల్టేజి కటాఫ్‌కి పోయి ఆగి ఆగి పనిచేస్తుందని భయం. 10 సరిపోతుందా, 16కే వెళ్లాలా? బండికీ ట్రైలర్‌కీ మధ్య పెట్టే 50 ఆంప్స్ ఆండర్సన్ ప్లగ్ పిన్నులో 16 వైరు సరిగ్గా క్రింప్ అవుతుందా (నొక్కితే గట్టిగా పట్టుకుంటుందా)?

నెగటివ్‌కి ఛాసిస్‌ని వాడను. భీమిలి రోడ్డు ఉప్పుగాలికి ఎర్త్ బోల్టులు ఇట్టే తుప్పుపడతాయి. తగరం పూసిన రాగి వైరు మీటర్ల లెక్కన ఫిషింగ్ హార్బర్ వైపు బోటు సామాన్ల షాపుల్లో దొరుకుతుందా?

ఇంకొకటి: బండి బ్యాటరీ పక్కన 40 ఆంప్స్ ఫ్యూజు పెడుతున్నాను. ట్రైలర్ చివర కూడా ఒకటి ఉండాలనుకుంటున్నాను, ఎందుకంటే అనంతగిరి ఘాట్‌లో కుదుపులకి వైరు ఒరుసుకుంటే లిథియం వైపు నుంచీ కరెంటు వస్తుంది. అక్కడ మిడి (MIDI, బోల్టుతో బిగించే మామూలు ఫ్యూజు) రకం సరిపోతుందా, క్లాస్ టీ (భారీ షార్ట్ సర్క్యూట్ కరెంటును కూడా ఆపగలిగే ఫ్యూజు) కావాలా?